బోరు నంబరు పదిహేడు

రాత్రి పదకొండు దాటాకే మాకు రోడ్డు ఇస్తారు.
కురుపాం మార్కెట్ షట్టర్లు ఒక్కొక్కటే కిందికి జారి
ఉల్లిపొట్టునీ తడిసిన గోనెల్నీ
ఎండుచేపల వాసననీ
మాకు అప్పజెప్పి పడుకుంటాయి.
మూడు కాళ్ల మీద రిగ్గు లేస్తుంది.
బిరంచి ఇంజను తాడు గుంజుతాడు,
మూడోసారికి గానీ అది మాట వినదు.

నా పని మట్టిని చదవడం.
ఇక్కడ భూమి కింద స్టేషను కట్టొచ్చో లేదో
చెప్పేవాళ్లు వేరే.
ఏ మీటరులో ఏం తగిలిందో రాసి
చెక్కపెట్టెలో వరసగా పడుకోబెట్టడం వరకే నేను.

మొదట తారు. తారు కింద తారు.
దాని కింద ఇంకో తారు,
ఎవరి ఎన్నికలకి వాళ్లు పరిచింది.
తర్వాత ఇటుక నలుసులు, బొగ్గు,
ఎవరి గోడదో గవ్వసున్నం,
పళ్లూడిన దువ్వెన ముక్క.
అయిదో మీటరులో ఇసక.
నాలిక చివర పెట్టుకుంటే ఉప్పన.
సముద్రం ఇంతదాకా ఎప్పుడొచ్చి
ఎందుకు తిరిగిపోయిందో
నా ఫారంలో ఆ గడి లేదు.

ఎదురింటి గడియ తీసిన చప్పుడు.
మోతకి తిట్టడానికొచ్చిందనుకున్నాను.
దాలమ్మ, డెబ్బై దాటిన మనిషి,
చీర కొంగు చెవుల మీంచి చుట్టుకుని
రిగ్గు పక్కన గొంతుక్కూచుంది.
"ఇత్తడి తప్పేలా దొరికిందేటి బాబూ?"

ఏ తప్పేలా అన్నాను.
"మా యమ్మది. నా సేతిలోంచే జారిపోనాది నూతిలోకి.
గేలం ఎయ్యాలనుకునే లోపల
కుళాయిలొచ్చేసినాయని నుయ్యి కప్పీసినారు.
అప్పటికి నాకు ఏడేళ్లు.
ఇక్కడే. నువ్వు నిలబడ్డ కాడే."

మా బొక్క మూడంగుళాలమ్మా, అన్నాను.
తప్పేలా పట్టదు.
"పట్టకపోతే మానె. ఉందో లేదో సెప్పు."

తొమ్మిదో మీటరు దగ్గర
రాడ్డు తనంతట తనే జారింది.
రెండు మీటర్లు, ఒక్క ఊపున.
బిరంచి నోట్లో ఖైనీ అలాగే ఆగిపోయింది.
పైకి లాగితే గొట్టం ఉత్తదే,
అంచున కాస్త నల్లటి బురద.
దాలమ్మ లేవలేదు, అరవలేదు.
"అదీ," అంది, వరస కలిసిన మనిషిని
పెళ్లిపందిట్లో గుర్తుపట్టినట్టు.

నీటిమట్టం కొలిచే టేపు దింపాను.
దాని మొనకి తడి తగిలితే పైన మీట మోగుతుంది.
మోగింది, కీచుమని, కోడిపిల్లలా.
మళ్లీ దింపమంది. మళ్లీ మోగింది.
ముచ్చటగా మూడోసారి
టేపు తన చేత్తోనే పట్టుకుంది,
చేంతాడు పట్టినట్టు రెండు చేతులూ మార్చి మార్చి.

ఆ లోతుకి ఇన్నాళ్లూ బాల్చీలే దిగాయి.
రేపు కదిలే మెట్ల మీద
ఫోను చూసుకుంటూ మనుషులు దిగుతారు.
ఎవరి చెవికీ ఏ చప్పుడూ తగలదు,
తగిలినా తర్వాతి బండి వస్తోందనుకుంటారు.

రెండింటికి ఇంజినీరు ఫోను.
రెండు మీటర్లు పక్కకి జరపండి,
ఈ బొక్కలో సిమెంటు పాలు పోసి మూసేయండి.
"మళ్లీ మూసేత్తారేటి?" అంది.
బిరంచికి తెలుగు అంత రాదు గానీ
బస్తా విప్పుతున్నవాడల్లా
తల వేరే వైపు తిప్పుకున్నాడు.

రిమార్కుల గడిలో
తొమ్మిది నుంచి పదకొండు దాకా ఖాళీ, అని రాశాను.
ఖాళీ కొట్టేసి నుయ్యి అని రాశాను.
ఆఫీసులో ఎవరో ఎర్రసిరాతో
తిరిగి ఖాళీ అని దిద్దుతారు, తెలుసు.

పెట్టెలో ఆ రెండు మీటర్ల చోటు
ఏమీ సర్దకుండా వదిలేశాను.
తెల్లారి వ్యాను ఎక్కించేటప్పుడు చూస్తే
ఎవరో అందులో
తాగేసిన టీ కప్పు పెట్టారు.